కంచము, కాయము, కాలము

"కోటి విద్యలు కూటి కొరకే" యని మన పెద్దలు చెప్పుదురు. ఆ కూటిని పండించువాడు రైతు. అట్టి రైతునకే నేడు కూటిని గూర్చి మూడు దిక్కుల నుండి మూడు మాటలు వినవచ్చుచున్నవి. వైద్యుడు "బరువు పెరిగినది, అన్నము తగ్గింపుము" అనుచున్నాడు. పత్రికలు "మాంసము తగ్గించి శాకము తినుడు, భూమి వేడెక్కుచున్నది" అని వ్రాయుచున్నవి. పొలమున చూడగా వాన రావలసిన నాడు రాక, రాకూడని నాడు కుండపోతగా కురియుచున్నది. ఈ మూడును వేర్వేరు సంగతులుగా తోచును గాని, విచారించి చూచినచో మూడును మన కంచమునొద్దనే కలియుచున్నవి. ఆ విషయమును మన సంఘ సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఇది కులాచారమునకు గాని మతమునకు గాని సంబంధించిన చర్చ కాదు. 2014 నాటి నమూనా నమోదు సర్వే ననుసరించి తెలుగు రాష్ట్రములు రెంటను నూటికి 98 మంది మాంసము తినువారే. వారిని తప్పుపట్టుట మా పని కాదు. ఏ తిండి వలన దేహమునకు, పొలమునకు, వాతావరణమునకు మేలు కలుగునో లెక్క చూచుకొనుట మాత్రమే మా పని.

వేడిమి సంగతి

బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించుట వలన బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొనుచున్నది. దానికి తోడు మీథేను వాయువు, నత్రజని నుండి పుట్టు నైట్రసు ఆక్సైడు అను మరియొక వాయువును చేరుచున్నవి. ఇవి కంబళివలె భూమిని కప్పి వేడిమిని పోనీయవు. నూరేండ్ల లెక్కన చూచినచో ఒక కిలో మీథేను సుమారు 27 మొదలు 30 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానముగ వేడి చేయును. నైట్రసు ఆక్సైడు సుమారు 273 కిలోలతో సమానము.

లెక్కలు వ్రాయుట మొదలుపెట్టిన తరువాత 2024 వ సంవత్సరమంత వేడి సంవత్సరము మరియొకటి లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తెలిపినది. ఆ యేడు భూమి సగటు వేడిమి 1850–1900 నాటి కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు హెచ్చెను. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడు పాళ్లు అధికముగ నీటియావిరిని పట్టగలదు. కావున కురిసినప్పుడు ఒక్కుమ్మడిగ కురియును. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల తీరమును తాకినప్పుడు డెల్టాలో చేతికి వచ్చిన వరి నీటిపాలైనది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తెను. ఏ యొక్క తుపానునకైనను ఇదే కారణమని వ్రేలు చూపరాదు. కాని ఇట్టి వానలు హెచ్చుటకు వేడిమి తోడ్పడుచున్నదనుట నిశ్చయము.

ఇందు తిండి యొక్క పాలు చిన్నది కాదు. పంట పండించుట, అడవి కొట్టుట, ఎరువు చేయుట, పశువులను పెంచుట, సరకు మోయుట, వండుట అన్నియు కలిపి చూడగా, మనుష్యులు వెలువరించు ఈ వాయువులలో నూటికి 21 మొదలు 37 పాళ్ల వరకు తిండి వలననే పుట్టుచున్నవని ఐక్యరాజ్యసమితి వాతావరణ పండితుల సంఘము 2019 లో నిర్ణయించినది.

ఊరిలోనికి వచ్చిన జబ్బు

స్థూలకాయము పట్టణపు షావుకార్లకు వచ్చునదని ఒకప్పుడు అనుకొనెడివారము. ఇప్పుడట్లు కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 36 మందియు, తెలంగాణమున 30 మందియు నుండిరి. దేశమున 10 కోట్ల పైచిలుకు జనులకు మధుమేహమున్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మమున నిలిచియున్నారనియు భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023 లో తెలిపినది. ఇంటి పెద్దకు ఈ జబ్బు వచ్చినచో మందులకు, పరీక్షలకు పోవు సొమ్ము పంట సొమ్మే. కాలికి పుండు లేచినచో దుక్కి నిలిచిపోవును. కనుక ఇది వైద్యుని విషయము మాత్రమే కాదు, సేద్యపు విషయము కూడ.

కారణము వెదకుట కష్టము కాదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చెను, కొడవలి పోయి కోత యంత్రము వచ్చెను, నడక పోయి మోటారు సైకిలు వచ్చెను. పని తగ్గినను కంచములోని అన్నపు కుప్ప తగ్గలేదు. అంతియే కాక కుప్ప యొక్క జాతియు మారినది. మెట్ట తాలూకాలలో జొన్న రొట్టె, సజ్జ రొట్టె, రాగి సంకటి, కొర్ర అన్నము దినదినము తినుచు, వరి అన్నమును పండుగకు వండుకొనెడి కాలము ముసలివారికి జ్ఞాపకమున్నది. కాలువలు, బోరుబావులు, క్రొత్త వంగడములు వరిని పెంచినవి. 1983 లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యము నిచ్చుట మొదలుపెట్టినది. ఆ పథకము పేదల ఆకలి తీర్చినది, దానిని నిందించుట కృతఘ్నత యగును. కాని ఆకలి తీరిన పిమ్మట కంచము చక్కదిద్దుకొనుట మన వంతు.

ఈ విషయమున మన దగ్గరనే ఒక పాత పాఠమున్నది. 1918 లో కూనూరులో రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు ఒక చిన్న పరిశోధనశాలను స్థాపించెను. అదియే 1958 లో హైదరాబాదునకు వచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఆయన ఎలుకలకు దేశమునందలి వేర్వేరు ప్రాంతముల భోజనములను పెట్టి చూచెను. పొట్టుతో గూడిన గోధుమ, పప్పు, పాలు, కూరగాయలు తిన్న యెలుకలు బాగుగ పెరిగినవి. మరపట్టిన బియ్యమే ప్రధానముగ గలిగి, తక్కినవి కొద్దిగ నున్న తిండి తిన్నవి అన్నిటికంటె వెనుకబడినవి. నూరేండ్లు కావచ్చినను ఆ పాఠము మాసిపోలేదు.

శాకాహారమన నేమి?

మాంసము లేకపోవుటయే శాకాహారమైనచో, తెల్లని అన్నము, ఊరగాయ, నూనెలో వేచిన బజ్జీ, మైసూరుపాకు, పంచదార తేనీరు – ఇవన్నియు శాకాహారమే. వీనితో పొట్ట పెరుగును గాని తరుగదు. శాకాహారమను పేరు మాత్రమున కాయము తేలిక కాదు. మేలు చేయునది పప్పు, కాయగూర, ఆకుకూర, పీచు గల ధాన్యము నిండిన శాకాహారము.

జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో దేశప్రజల కిచ్చిన సూచనలలో దినమునకు 2,000 కేలరీల భోజనమునకు ఒక లెక్క చూపిరి. ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు (అందు ఆకుకూరలు 100), పండ్లు 100 గ్రాములు, వేరుశనగ, నువ్వులు మొదలగు గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. గుడ్లు, మాంసము తినువారికి పప్పులో కొంత తగ్గింపవచ్చును. ఎండలో బరువు పని చేయువారికి ఇంతకంటె హెచ్చుగ కావలెను.

ఈ లెక్కలో ముఖ్యమైన సూత్రమొకటి కలదు. ధాన్యము మూడు పాళ్లైన పప్పు ఒక పాలుండవలెను. అన్నమునందలి మాంసకృత్తులలో కొరతయైన అంశము పప్పులో సమృద్ధిగ నున్నది. పప్పులో కొరతయైనది ధాన్యములో నున్నది. రెండును కలిసినచో మాంసమునకు దీటగు బలము కలుగును. మన యిండ్లలో సోలెడు బియ్యమునకు గుప్పెడు పప్పు వేసి, నీరు హెచ్చించి పప్పుచారు చేయుట పరిపాటి. లోపమంతయు అచ్చటనే యున్నది.

చిరుధాన్యముల విషయమున నిజము చెప్పవలెను. ఇవి మంత్రపు గింజలు కావు. నూరు గ్రాముల పచ్చి బియ్యములో సుమారు 356 కేలరీలుండగా జొన్నలో 334, రాగిలో 321 కలవు. భేదము స్వల్పమే. కాని పీచు చూడుడు. నూరు గ్రాముల మరబియ్యములో 3 గ్రాముల లోపు పీచుండగా, జొన్నలో 10, రాగిలోను సజ్జలోను 11 గ్రాములు కలవు. పీచు కడుపును త్వరగ నింపి, రక్తములోనికి చక్కెర దూకకుండ ఆపును. మరియు నూరు గ్రాముల రాగిలో 364 మిల్లీగ్రాముల సున్నపు ధాతువున్నది. బియ్యములో పదియైనను లేదు. ఉత్తరాంధ్రమున చోళ్లనియు, తెలంగాణమున తైదలనియు, రాయలసీమలో రాగులనియు పిలుచు ఈ గింజను మనము కోళ్లకు పోసి, దాని గుణమును మందుల దుకాణమున కొనుచున్నాము. అయితే జావ పేరున అందులో బెల్లము కుమ్మరించిన ఫలము దక్కదు.

పాలు పెరుగు సహితము తాకని శాకాహారులు ఒక్క జాగ్రత్త వహింపవలెను. బి–12 అను విటమిను మొక్కల నుండి లభింపదు. అట్టివారు వైద్యుని యడిగి మాత్రలు తీసికొనుట యవసరము.

బరువు తగ్గు లెక్క

దేహమున ఒక కిలో క్రొవ్వు కరుగుటకు సుమారు 7,700 కేలరీలు తగ్గవలెను. దినమునకు 500 తగ్గించినచో మొదట వారమునకు అరకిలో వరకు తగ్గును, పిమ్మట వేగము మందగించును. ఈ 500 ఎట్లు తగ్గింపవలెనో చూతము. రెండు పూటలను కలిపి పచ్చి బియ్యము 100 గ్రాములు తగ్గించిన 356. దినమునకు నాలుగు గ్లాసుల తేనీటిలో రెండేసి చెంచాల పంచదార మానిన 160. కూరలో రెండు చెంచాల నూనె తగ్గించిన 90. తగ్గించిన అన్నమునకు బదులు 30 గ్రాముల పప్పు చేర్చిన 100 హెచ్చును. అది తీసివేయగా మిగిలినది 500 పైచిలుకు. కంచములో ఖాళీయైన స్థలమును తోటకూర, గోంగూర, బీర, సొర, మునగాకు నింపవలెను. వీనిలో కేలరీలు స్వల్పము, కడుపు నిండుట మాత్రము పూర్ణము.

"లంఖణము పరమౌషధము" అను సామెతను పట్టుకొని పూటలు మానుట బరువు తగ్గుటకు మార్గము కాదు. పూట మానినవాడు మరుపూట హెచ్చుగ తినుట కలదు. నడుము కొలత మంచి గుర్తు. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. ఎనుబది కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినను రక్తపు పోటునకు, చక్కెరకు మేలు కనిపించును. చెన్నపట్టణమున 531 మందిపై జరిగి 2006 లో ప్రకటింపబడిన పరిశోధనలో, తిండి దిద్దుకొని నడక సాగించినవారిలో మధుమేహము మూడేండ్లలో నూటికి 28 పాళ్లకు మించి తక్కువగ వచ్చినది.

మధుమేహమునకు మాత్రలు, సూదిమందు వాడువారు వైద్యుని యడుగకుండ అన్నమును ఒక్కసారి తగ్గింపరాదు. చక్కెర మితిమీరి పడిపోవు ప్రమాదమున్నది. గర్భవతులు, బాలింతలు, పిల్లలు, బక్కపలచని కూలివారు ఈ తగ్గింపు లెక్క జోలికి పోనక్కరలేదు. వారికి కావలసినది తగ్గింపు కాదు, పప్పు, కూర హెచ్చింపు.

ఆకాశపు లెక్క

ఇక అదే కంచము ఆకాశమునకు చేయునదేమి? 2018 లో పూర్, నెమెచెక్ అను ఇరువురు పండితులు 119 దేశములలోని సుమారు 38,700 సేద్యముల లెక్కలు కూర్చి ప్రకటించిరి. నూరు గ్రాముల మాంసకృత్తులు లభించుటకు వెలువడు వాయువులు, బొగ్గుపులుసు వాయువు లెక్కన, మాంసమునకై పెంచిన గొడ్డు మాంసమునకు 50 కిలోలు, గొర్రె మేకల మాంసమునకు 20, కోడి మాంసమునకు 5.7, గుడ్లకు 4.2, వేరుశనగకు 1.2, పప్పులకు 0.8 కిలో. నెమరువేయు జంతువుల కడుపులో మేత పులిసి మీథేను పుట్టుటయే ఈ భేదమునకు ముఖ్యకారణము. ఇవి లోకపు సగటులు. బీడులోను, కోసిన చేనిలోను మేయు మన మేకకు ఈ లెక్క అచ్చముగ సరిపడకపోవచ్చును, కాని వరుస మారదు.

శాకాహారులు దీనిని చూచి గర్వింపరాదు. పాలు, నెయ్యి సహితము ఆ కడుపుల నుండియే వచ్చుచున్నవి. అట్లని రైతు తన గేదెను అమ్ముకొనవలెనని మేము చెప్పము. అది పేడ ఇచ్చును, కష్టకాలమున చేతికి సొమ్మిచ్చును. మంచి మేత, మంచి జాతి గలిగి పాలిచ్చు రెండు పశువులు, వట్టిపోయిన నాలుగింటికంటె మేలు. రైతునకును లాభము, గాలికిని లాభము.

వరియు నిర్దోషి కాదు. నీరు నిలిచిన మడిలో నేలకు ప్రాణవాయువు అందదు. అప్పుడు బురదలోని సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని, వేళ్లను తిని మీథేనును పుట్టించును. అది వరి కాడ గుండనే పైకి పోవును. పై లెక్కలలోనే కిలో బియ్యమునకు సుమారు నాలుగున్నర కిలోల వాయువు కాగా, కిలో గోధుమకు ఒకటిన్నర కిలో మాత్రమే. మనుష్యుల వలన పుట్టు మీథేనులో నూటికి సుమారు ఎనిమిది పాళ్లు వరి మడులదే. కావున దేహమునకు మేలని తగ్గించిన ఆ పిడికెడు అన్నమే ఆకాశమునకును మేలు చేయుచున్నది.

పప్పు పంటల గొప్పతన మింకొకటి కలదు. కంది, పెసర, మినుము, శనగ, ఉలవల వేళ్లయందలి బుడిపెలలో నివసించు జీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇచ్చును. యూరియా బస్తా సహజవాయువుతో తయారగును, చల్లిన దానిలో కొంత నైట్రసు ఆక్సైడై పోవును. జొన్నలో కంది సాళ్లు వేయుట, కృష్ణా గుంటూరు మాగాణములలో వరి కోతకు ముందు మినుము, పెసర చల్లుట మన పెద్దలు నేర్చిన విద్యయే. పప్పులు పండించుటలోను తినుటలోను మన దేశమే లోకమున మొదటిది. అయినను యేటేట పరదేశముల నుండి పప్పు దిగుమతి యగుచున్నది. కొనువాడు కాచుకొనియుండగా పండించు చేను మన చేతిలోనే యున్నది.

వరి మడిలో చేయదగిన పని

వరిని విడువలేని పల్లపు రైతులకు ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు తడి–పొడి పద్ధతిని చూపిరి. ఒక అడుగు పొడవు గల గొట్టమునకు క్రింది సగమున బెజ్జములు పెట్టి మడిలో పాతవలెను. నాట్లు వేసిన రెండు వారములకు మొదలుపెట్టి, గొట్టములో నీరు నేల మట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయిన పిమ్మటనే మరల 5 సెంటీమీటర్లు తడి పెట్టవలెను. పూత కాలమున మాత్రము నీరు ఆరనీయరాదు. ఇందువలన నీరు నూటికి 30 పాళ్ల వరకు ఆదా యగును, మీథేను మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గును. బోరు రైతునకు ఇది సులభము. కాలువ క్రింద ఒక్కడు చేయుట కష్టము. నీటి వంతులు కలిసి యేర్పరచుకొన్న ఊరిలోనే సాధ్యము.

సంఘము చేయవలసిన పని

"తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము." గిట్టుబాటు లేనిదే కొర్రలు వేయుడనుట ధర్మము కాదు. జొన్న, సజ్జ, రాగులకు కేంద్ర ప్రభుత్వము మద్దతు ధర ప్రకటించుచున్నది. 2025 నాటి ఆ జాబితాలో కొర్ర, సామ, అరికె, ఊద లేవు. ఈ చిన్న గింజల పొట్టు తీయుట మరియొక చిక్కు. పూర్వము ఆ శ్రమ యంతయు స్త్రీల చేతుల మీదనే పడెడిది. ఆ శ్రమకు వెరచియే యనేక గృహములు వీనిని విడిచినవి. ఇట్టి చోటనే సహకారము అక్కరకు వచ్చును.

దృష్టాంతము దూరమున లేదు. జహీరాబాదు ప్రాంతమున దక్కను అభివృద్ధి సంఘము వారి మహిళా సంఘములు బీడు నేలలను సాగుచేసి, జొన్న మొదలగు ధాన్యములను తమ యూళ్లలోనే నిలువచేసి పేదలకు పంచిరి. విత్తనములను కాపాడి యేటేట పాత పంటల జాతర జరిపిరి. 2019 లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము వారికి లభించెను. భూమి తక్కువ, చదువు తక్కువ యైన స్త్రీలు చేసిన పని మన సంఘములు చేయలేకపోవునా?

రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ నాలుగు విషయములు ఆలోచింపవలెనని కోరుచున్నాము. మొదటిది, కంది, పెసర, మినుము, కొర్ర, రాగుల మంచి విత్తనమును సంఘము తెప్పించి అప్పుగా ఇచ్చుట. రెండవది, నాలుగైదు గ్రామములకు కలిపి పొట్టు తీయు మరను, పప్పు మరను నెలకొల్పుట. మూడవది, పండిన దానిని మొదట సభ్యుల యిండ్లకును, బడి భోజనమునకును అమ్మి, మిగిలినదే బజారునకు పంపుట. నాలుగవది, కాలువ వంతులను తడి–పొడి పద్ధతికి సరిపెట్టుట.

ఇవి సమావేశము వరకు వేచియుండవచ్చును. కంచము వేచియుండనక్కరలేదు. మాంసము తినువారు వారమున కొన్ని దినములు దానికి బదులు గట్టి పప్పు, ఉలవచారు, శనగలు వండుకొనవచ్చును. తిననివారు బజ్జీని, పంచదారను తగ్గించి ఆకుకూర హెచ్చింపవచ్చును. ఇరువురును పూట కొక పిడికెడు బియ్యము తగ్గించి, వారమున మూడు నాలుగు పూటలు రొట్టెయో సంకటియో చేయవచ్చును. ఇంటి గృహిణికి ఇది చెప్పి ఊరకుండక, పెరటిలో నాలుగు పాదులు త్రవ్వి ఇచ్చుట పురుషుని వంతు.

ఒక్క యింటి కంచము వలన ఆకాశము చల్లబడదు. కాని ఆ యింటి పెద్ద నడుము కొలత తగ్గుటకు లోకమంతయు మారవలసిన పని లేదు. దేహమునకు ఫలము ఈ యేడే కనిపించును. ఊరూర కంచములు మారినచో చేల పంట మారును. చేల పంట మారినచో మన మనుమల నాటి వానకాలమునకు మనము చేయగలిగిన సాయము చేసినవారమగుదుము.